పతకం వచ్చాక సినిమా ఎక్కడికి వెళ్తుంది?

(రాజమహేంద్రవరంలో ఫిల్మ్ సొసైటీ సభ్యుల సమావేశంలో జాతీయ చలనచిత్ర పురస్కారాల మీద చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక దాకా వినిపిస్తోంది కదా? సరే.

ముందు మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. మొహమాటపడకుండా చేతులెత్తండి. ‘నిమజ్జనం’ సినిమా చూసినవాళ్లు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారు? బి.ఎస్. నారాయణ గారి ‘నిమజ్జనం’. ఇద్దరు. ముందు వరుసలో పెద్దాయన, అటు కిటికీ పక్కన అమ్మగారు. సంతోషం. ఆయనదే ‘ఊరుమ్మడి బతుకులు’? ఒక్కరు. నర్సింగరావు గారి ‘రంగుల కల’? నలుగురైదుగురు ఉన్నారు. యు. విశ్వేశ్వరరావు గారి ‘హరిశ్చంద్రుడు’? ఎవరూ లేరు. ఇప్పుడు ‘బాహుబలి’ చూసినవాళ్లు చేతులెత్తండి అన్నాననుకోండి, లెక్కపెట్టడం కుదరదు.

ఎవరినీ తప్పుపట్టడానికి అడగలేదండి. నేను చెప్పిన ఈ సినిమాలన్నీ జాతీయ పురస్కారం అందుకున్న తెలుగు సినిమాలే. మన దేశంలో సినిమాకి ప్రభుత్వం ఇచ్చే అత్యున్నత గౌరవం అందుకున్నవే. అందుకున్నాక ఏమయ్యాయి? ఎక్కడున్నాయి? ఎవరు చూస్తున్నారు? ఈ సాయంత్రం నేను మాట్లాడదలుచుకున్నది ఆ సంగతే. పురస్కారం గొప్పదే. పురస్కారం వచ్చాక ఆ సినిమా జనం దగ్గరికి రావాలి కదా? ఆ దారి మనకి తెగిపోయింది. దాన్ని మళ్లీ వేసుకోవాలి.

మొన్న 2025 సెప్టెంబరు 23న ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో 71వ జాతీయ పురస్కారాల సభ జరిగింది. చాలామంది టీవీలో చూసే ఉంటారు. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు ఇచ్చారు. ఉత్తమ నటుడు షారుఖ్ ఖాన్, విక్రాంత్ మస్సే ఇద్దరూ పంచుకున్నారు. ఉత్తమ నటి రాణీ ముఖర్జీ. మోహన్‌లాల్ గారికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం. మర్నాడు పేపర్ల నిండా ఆ ఫొటోలే. తప్పేం లేదు, వాళ్లు అర్హులు. కానీ అదే సభలో కాసర్ల శ్యామ్ గారు ‘బలగం’లో ‘ఊరు పల్లెటూరు’ పాటకి ఉత్తమ గీత రచయితగా పురస్కారం అందుకున్నారు. ‘బేబి’ సినిమాకి స్క్రీన్‌ప్లే రాసినందుకు సాయి రాజేశ్, ఆ సినిమాలో పాడినందుకు రోహిత్ అందుకున్నారు. ‘హనుమాన్’కి విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో, ఫైట్స్ విభాగంలో వచ్చాయి. ‘గాంధీ తాత చెట్టు’లో నటించిన సుకృతి వేణికి బాల నటిగా వచ్చింది. ఉత్తమ తెలుగు చిత్రం ‘భగవంత్ కేసరి’.

ఇక్కడ ఒక చిన్న విషయం. ‘గాంధీ తాత చెట్టు’ థియేటర్లకి వచ్చింది 2025 జనవరిలో. పురస్కారమేమో 2023 సంవత్సరానికి. ఎలా? చాలామందికి ఈ సందేహం ఉంటుంది. విడుదల తేదీతో పని లేదండి. సెన్సార్ సర్టిఫికెట్ మీద ఏ తేదీ ఉందో అదే లెక్క. జనవరి 1 నుంచి డిసెంబరు 31 లోపు సర్టిఫికెట్ వచ్చిన సినిమాలన్నీ ఆ ఏటి పోటీలోకి వస్తాయి. వాటంతట అవి రావు, నిర్మాత దరఖాస్తు పెట్టుకోవాలి. ఇది గుర్తుపెట్టుకోండి, ముఖ్యంగా ఇక్కడున్న కుర్రాళ్లు, షార్ట్ ఫిల్ములు తీస్తున్నవాళ్లు. మీ సినిమా ఎంత బాగున్నా మీరు పంపకపోతే జ్యూరీ చూడదు. చూసే అధికారం దానికి లేదు. ‘మా సినిమాకి ఎందుకివ్వలేదు’ అని బాధపడే చిన్న నిర్మాతల్ని ‘పంపారా?’ అని అడిగితే, చాలాసార్లు మౌనమే సమాధానం. పెద్ద సంస్థలకి ఈ పని చూసుకోవడానికి మనుషులుంటారు. చిన్నవాళ్లకి ఎవరుంటారు? అప్పు తీర్చే హడావుడిలో ఆఖరి తేదీ దాటిపోతుంది.

కథా చిత్రాల ఎంపిక రెండు అంచెల్లో జరుగుతుంది. దేశాన్ని అయిదు ప్రాంతాలుగా విడదీసి, ప్రాంతీయ జ్యూరీలు ముందు చూస్తాయి. అవి వడగట్టి పంపినవాటిని కేంద్ర జ్యూరీ చూస్తుంది. శ్యామ్ బెనెగల్ గారి ఆధ్వర్యంలో వేసిన కమిటీ చెప్పాక వచ్చిన పద్ధతి ఇది. ఇది మంచి మార్పని నా అభిప్రాయం. అంతకుముందు ఢిల్లీలో ఒకే గదిలో కూర్చుని అన్ని భాషల సినిమాలూ చూసేవారు. ఇప్పుడు కనీసం మొదటి అంచెలో మన భాష తెలిసినవాళ్లు చూస్తున్నారు.

సరే, మొదటికి వెళ్దాం. 1951లో ఎస్.కె. పాటిల్ కమిటీ సినిమా రంగం మీద ఒక నివేదిక ఇచ్చింది. అప్పటికి సినిమా అంటే పన్నులు వసూలు చేసుకునే వినోదం తప్ప ప్రభుత్వం దృష్టిలో మరొకటి కాదు. ఆ సినిమాకి రాజ్యం తరఫున గౌరవం ఇద్దాం అన్న ఆలోచన అక్కడి నుంచి కదిలింది. 1954 అక్టోబరు 10న మొదటి సభ. 1953లో వచ్చిన సినిమాలకి. మొదటి స్వర్ణ పతకం దేనికో తెలుసా? ఆచార్య ఆత్రే తీసిన ‘శ్యామ్‌చీ ఆయీ’కి. మరాఠీ సినిమా. హిందీ కాదు! ఒక తల్లీ కొడుకూ కథ. ఆ మొదటి అడుగే నాకు ఇష్టం. ఈ పురస్కారాలు బొంబాయి హిందీ సినిమా కోసం పెట్టినవి కావని మొదటి రోజే తేలిపోయింది.

రెండో ఏటి నుంచి భాషలవారీ పురస్కారాలు మొదలయ్యాయి. అప్పుడు మనకి కె.వి. రెడ్డి గారి ‘పెద్దమనుషులు’. తర్వాతి ఏడు బి.ఎన్. రెడ్డి గారి ‘బంగారు పాప’. ఆ తర్వాత వరుసగా చూసుకోండి: ‘పెళ్లినాటి ప్రమాణాలు’, ‘మహాకవి కాళిదాసు’, ‘మహామంత్రి తిమ్మరుసు’, ‘లవకుశ’, ‘రంగుల రాట్నం’, ‘సుడిగుండాలు’... ఈ జాబితా చదువుతుంటే తెలుగు సినిమా చరిత్రే కళ్ల ముందు నడిచినట్టు ఉంటుంది నాకు.

కానీ ఒక్కటి గమనించండి. అప్పట్లో పురస్కారం సినిమాకే. నటులకి లేదు, సంగీతానికి లేదు, కెమెరాకి లేదు. వ్యక్తులకి ఇవ్వడం మొదలైంది 1967 సినిమాల నుంచి. మొదటి ఉత్తమ నటుడు బెంగాల్‌కి చెందిన ఉత్తమ్ కుమార్. మొదటి ఉత్తమ నటి నర్గీస్. ఉత్తమ దర్శకుడు సత్యజిత్ రాయ్. ఉత్తమ సంగీత దర్శకుడు, ఇది మనం గర్వంగా చెప్పుకోవాలి, మన కె.వి. మహదేవన్ గారు. అయితే తెలుగు సినిమాకి కాదు, తమిళ సినిమా ‘కందన్ కరుణై’కి.

1967. ఆ సంవత్సరం పట్టుకుని ఆలోచించండి. ‘దేవదాసు’ 1953. ‘మిస్సమ్మ’ 1955. ‘మాయాబజార్’ 1957. సావిత్రి గారి నటన శిఖరం మీద ఉన్న ఆ రోజుల్లో ఈ దేశంలో ఉత్తమ నటి అనే జాతీయ పురస్కారమే లేదు. ఎస్.వి. రంగారావు గారు కీచకుడు వేసిన ‘నర్తనశాల’ 1963. జకార్తాలో ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఆయన్ని ఉత్తమ నటుడన్నారు. మన ఢిల్లీలో అనడానికి ఆ విభాగమే లేదు. కాబట్టి ‘సావిత్రికి ఎందుకు రాలేదు, రంగారావుకి ఎందుకు రాలేదు, మనవాళ్లకి అన్యాయం చేశారు’ అని ఎవరైనా అంటే, ఈ సంవత్సరాలు చెప్పండి. చాలామంది మహానటుల ఉత్తమ దశ గడిచిపోయాక ఆ పురస్కారం పుట్టింది. 66వ పురస్కారాల్లో కీర్తి సురేశ్ గారికి ‘మహానటి’కి ఉత్తమ నటి వచ్చినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. సావిత్రి గారికి ఇవ్వడానికి లేని పతకం సావిత్రి పాత్రకి వచ్చింది.

ఉత్తమ నటి అంటే మనకి ముందు గుర్తు రావలసిన మనిషి శారద గారు. తెనాలి అమ్మాయి. మూడుసార్లు జాతీయ ఉత్తమ నటి. ఆ పురస్కారానికి అప్పట్లో ఊర్వశి అని పేరు. అందుకే ఆమె ‘ఊర్వశి శారద’ అయ్యారు. ఇప్పటి పిల్లలు అది ఇంటిపేరో, అభిమానులు ఇచ్చిన బిరుదో అనుకుంటారు. కాదండి, అది జాతీయ పురస్కారం పేరు. అయితే ఆ మూడింటిలో రెండు మలయాళం సినిమాలకి వచ్చాయి, ‘తులాభారం’కి, ఆదూర్ గోపాలకృష్ణన్ గారి ‘స్వయంవరం’కి. మూడోది మన ‘నిమజ్జనం’కి. తెనాలి అమ్మాయిలో ఉన్న నటిని ముందు కేరళ గుర్తుపట్టింది. మన దర్శకులు ఆమెకి ఏ పాత్రలిచ్చారు, మలయాళం వాళ్లు ఏ పాత్రలిచ్చారు? దీని గురించి మనం నిజాయితీగా ఆలోచించుకోవాలి.

ఉత్తమ నటుడు తెలుగు నటుడికి రావడానికి 69వ పురస్కారాల దాకా ఆగాల్సి వచ్చింది. 2021 సినిమాలకి, ‘పుష్ప’కి అల్లు అర్జున్ గారికి. 2023 అక్టోబరులో అందుకున్నారు. అదే ఏడు ‘ఆర్ఆర్ఆర్’కి ఆరు పురస్కారాలు, ‘పుష్ప’ పాటలకి దేవిశ్రీప్రసాద్, ‘కొండపొలం’ పాటకి చంద్రబోస్, ఉత్తమ తెలుగు చిత్రం ‘ఉప్పెన’. ఉత్తమ సినిమా విమర్శకుడిగా పురుషోత్తమాచార్యులు గారు. ఈ చివరి పేరు మీలో ఎంతమంది విన్నారు? రాష్ట్రపతి చేతుల మీదుగా ఒక తెలుగు విమర్శకుడు పతకం అందుకుంటే మన చానళ్లు ఎంతసేపు చూపించాయి? అంతకు ముందు 61వ పురస్కారాల్లో నందగోపాల్ గారి ‘సినిమాగా సినిమా’ పుస్తకానికి ఉత్తమ సినిమా గ్రంథంగా వచ్చింది. మన లైబ్రరీలో ఆ పుస్తకం ఉందో లేదో ఈ వారంలో చూడండి. లేకపోతే తెప్పిద్దాం.

నాకు ఎప్పుడూ ఒక కోరిక ఉండేది. జాతీయ పురస్కారాల జాబితాని పైనుంచి కాకుండా కిందినుంచి చదవాలని. పైన హీరోలుంటారు, కిందికి వెళ్తే కెమెరా, సౌండ్, కళా దర్శకత్వం, దుస్తులు, మేకప్, ఎడిటింగ్. తెలుగు సినిమా గొప్పతనం అక్కడ దొరుకుతుంది. 1975లో బాపు రమణల ‘ముత్యాల ముగ్గు’. దానికి ఛాయాగ్రహణంలో జాతీయ పురస్కారం ఇషాన్ ఆర్య గారికి. ఆయన తెలుగువాడు కాదు. ‘గరమ్ హవా’ తీసిన కెమెరామన్. స్టూడియో దీపాల వెలుగులో మెరిసిపోయే ముఖాలకి అలవాటుపడిన మన కళ్లకి ఆయన ఎండని చూపించాడు, నీడని చూపించాడు, పల్లెటూరి పొద్దుని పొద్దులాగే చూపించాడు. ఆ సినిమా ఈసారి చూసేటప్పుడు కథ తెలుసు కదా, కథ వదిలెయ్యండి. వెలుగు ఎటునుంచి పడుతోందో చూడండి.

‘దాసి’ దగ్గర కాసేపు ఆగుతాను. ఆగక తప్పదు. బి. నర్సింగరావు గారు 1988లో తీశారు. 36వ పురస్కారాల్లో ఆ ఒక్క సినిమాకి అయిదు. ఉత్తమ తెలుగు చిత్రం. ఉత్తమ నటి అర్చన. ఉత్తమ ఛాయాగ్రహణం అపూర్వ కిశోర్ బీర్. ఉత్తమ కళా దర్శకత్వం తోట వైకుంఠం, అవునండి, చిత్రకారుడు వైకుంఠం గారే, కాలెండర్ల మీద ఎర్రబొట్టు పెట్టుకున్న తెలంగాణ ఆడవాళ్ల బొమ్మలు చూస్తారే, ఆయనే. ఉత్తమ దుస్తుల రూపకల్పన సుదర్శన్. ఆ సినిమాతో ఆయన్ని జీవితాంతం దాసి సుదర్శన్ అనే పిలిచారు.

కథేమిటి? నిజాం కాలం, తెలంగాణలో ఒక దొర గడి, అంటే కోటలాంటి పెద్ద ఇల్లు. పెళ్లికూతురితో పాటు అరణంగా ఆ ఇంటికి పంపేసిన ఒక ఆడమనిషి. నగలతో పాటు, పశువులతో పాటు ఒక మనిషి. అంతే కథ. పాటలు లేవు, ఫైట్లు లేవు, పెద్ద పెద్ద డైలాగులు లేవు. ఆమె ఊడుస్తుంది, నీళ్లు మోస్తుంది, పిలిస్తే వెళ్తుంది. కెమెరా ఆమెని తొందరపెట్టదు. గడి గోడలు, ఆ గోడల మీద మసి, ఆమె కట్టిన చీర రంగు వెలిసిన తీరు, ఇవన్నీ మాట్లాడతాయి. కళా దర్శకత్వం అంటే కోట్లు పెట్టి కట్టిన సెట్టు అనుకునేవాళ్లకి ఆ సినిమా చూపించాలి. దుస్తుల రూపకల్పన అంటే పట్టుచీరలు, నగలు అనుకునేవాళ్లకి చూపించాలి. వెలిసిపోయిన ఒక నేత చీరకి ఈ దేశం జాతీయ పురస్కారం ఇచ్చింది! అంతకన్నా గొప్ప నిర్ణయం ఏ జ్యూరీ చేస్తుంది చెప్పండి? అర్చన గారికి అంతకు ముందు ఏడే తమిళ సినిమా ‘వీడు’కి వచ్చింది. వరుసగా రెండేళ్లు, రెండు భాషల్లో.

ఇప్పుడు గోదావరి గడ్డ మీద నిలబడి ఒక సంస్థ పేరు చెప్పకపోతే పాపం. ఏడిద నాగేశ్వరరావు గారి పూర్ణోదయ. ‘శంకరాభరణం’, ‘సీతాకోకచిలుక’, ‘సాగర సంగమం’, ‘సితార’, ‘స్వాతిముత్యం’. ఈ అయిదూ జాతీయ పురస్కారాలు పొందినవే. ‘శంకరాభరణం’ చూడండి. జనరంజక చిత్రంగా స్వర్ణ కమలం, సంగీతానికి మహదేవన్, పాడినందుకు బాలు గారు, వాణీ జయరాం గారు. ‘సాగర సంగమం’కి ఇళయరాజా, మళ్లీ బాలు గారు. ‘సితార’లో ‘వెన్నెల్లో గోదారి అందం’ పాడినందుకు జానకి గారు. ఈ మధ్యలో 1982లో దాసరి నారాయణరావు గారి ‘మేఘసందేశం’ ఉంది, రమేశ్ నాయుడు, ఏసుదాస్, సుశీల గారు, ముగ్గురికీ ఒకే సినిమాకి. 1979 నుంచి 1984 దాకా ఆ ఆరేళ్లలో తెలుగు పాట దేశం మొత్తం మీద ఎక్కడుందో ఈ జాబితా చూస్తే అర్థమవుతుంది. ఒక నిర్మాతకి రుచి ఉంటే ఏం జరుగుతుందో కూడా అర్థమవుతుంది.

పాట అంటే రాసినవాళ్లు కూడా. ‘తెలుగు వీర లేవరా’కి శ్రీశ్రీ గారు, 1974 సినిమా ‘అల్లూరి సీతారామరాజు’కి. ‘రాలిపోయే పువ్వా’కి వేటూరి గారు. 2003లో ‘నేను సైతం’ పాటకి సుద్దాల అశోక్‌తేజ గారు. ఈ మూడోదాంట్లో ఒక అందం ఉంది, గమనించారా? ‘నేను సైతం’ అన్నది శ్రీశ్రీ మాట. ఆ మాట ఎత్తుకుని, దాని మీద తన పాట కట్టుకున్న కవికి మళ్లీ అదే జాతీయ పురస్కారం. మధ్యలో దాదాపు మూడు దశాబ్దాలు.

ఇక ‘బాహుబలి’. 63వ పురస్కారాల్లో జాతీయ ఉత్తమ చిత్రం. ఒక తెలుగు సినిమా ఆ స్థానానికి వెళ్లడం అదే మొదటిసారి. నేను సంతోషించాను, ఇప్పుడూ సంతోషిస్తున్నాను. ఆ సినిమా వెనక వేలమంది శ్రమ ఉంది. కానీ మీ దగ్గర దాచడం ఎందుకు, నా మనసులో మాట చెప్తాను. జనరంజక చిత్రానికి వేరే విభాగం ఉంది కదా, అక్కడ ఇస్తే సరిపోయేది. రెండో భాగానికి అక్కడే ఇచ్చారు. ఉత్తమ చిత్రం అన్న ఆ ఒక్క కుర్చీ, ఎవరూ పట్టించుకోని సినిమాని దేశానికి చూపించడానికి ఉన్న ఒకే ఒక్క కుర్చీ. ‘పథేర్ పాంచాలి’ 1955కి అక్కడ కూర్చుంది. అప్పటికే దేశమంతా టికెట్టు కొని చూసిన సినిమాకి ఆ కుర్చీతో పనేముంది? ఒప్పుకోనివాళ్లు ఉంటారు. ఆ తల ఊపుళ్లు నాకు కనిపిస్తున్నాయి. చివర్లో మాట్లాడుకుందాం.

2018లో ఒక సంఘటన జరిగింది. 65వ పురస్కారాల సభ. రాష్ట్రపతి 11 మందికి మాత్రమే ఇస్తారు, మిగతావాళ్లకి మంత్రి ఇస్తారు అని ముందు రోజు చెప్పారు. యాభై మందికి పైగా పురస్కార గ్రహీతలు సభకి రాలేదు. అప్పుడు కొందరన్నారు, ‘ఎవరిస్తే ఏమిటి, పతకం పతకమే కదా’ అని. కాదండి. ఆలోచించండి. ఒక సౌండ్ ఇంజనీరు, ఒక ఎడిటరు, అస్సాం నుంచో మేఘాలయ నుంచో అప్పు చేసి సినిమా తీసిన కుర్రాడు, వాడికి పోస్టరు మీద పేరుండదు, టీవీలో ముఖం కనపడదు. హీరో ఏ చేతుల మీదుగా తీసుకుంటాడో తనూ అదే చేతుల మీదుగా తీసుకునే చోటు జీవితంలో అదొక్కటే. ఆ సమానత్వమే ఆ సభకి ప్రాణం. వాళ్లు రాకపోవడం పొగరు కాదు. నేను వాళ్ల పక్షాన ఉన్నాను.

డబ్బు సంగతి కూడా చెప్పేస్తాను. 70వ పురస్కారాల నుంచి స్వర్ణ కమలానికి 3 లక్షలు, రజత కమలానికి 2 లక్షలు చేశారు. అంతకు ముందు ఉత్తమ నటుడికి 50 వేలు, ఉత్తమ భాషా చిత్రానికి లక్ష. పెంచారు, మంచిదే. కానీ సినిమా తీసిన అప్పు దాంతో తీరదు. ఆ సినిమాకి కావలసింది ప్రేక్షకులు.

ఒకప్పుడు ఆ ప్రేక్షకులు దొరికేవారు. ఎలా? మీలో యాభై దాటినవాళ్లకి గుర్తుండాలి. ఆదివారం మధ్యాహ్నం. దూరదర్శన్. బధిరుల వార్తలు అయ్యాక ప్రాంతీయ భాషా చిత్రం. అవార్డు సినిమా. అక్షర క్రమంలో భాషలు వచ్చేవి, అస్సామీతో మొదలై, బెంగాలీ, గుజరాతీ... మన తెలుగు వంతు రావడానికి ఎన్ని వారాలు ఎదురుచూసేవాళ్లమో! ఆ ఎదురుచూపులో మిగతా భాషలన్నీ చూసేశాం. అదే మన చదువు. వీధిలో ఉన్న ఒక్క టీవీ ముందు భోజనాలు చేసి అందరూ చేరేవాళ్లు. జాహ్ను బారువా గారి అస్సామీ సినిమా ఒకటి, 1987కి జాతీయ ఉత్తమ చిత్రం, ఒక పేద రైతు పొలాన్ని కాగితాల మాయతో షావుకారు కాజేసే కథ. మా నాన్నగారు వ్యవసాయదారు. అస్సామీ రాదు, కింద ఇంగ్లీషు అక్షరాలూ చదవలేరు. సినిమా అయ్యేదాకా కదల్లేదు. అయ్యాక ‘వాడు ఆ కాగితం మీద వేలిముద్ర వెయ్యకుండా ఉండాల్సింది’ అన్నారు. అంతే అన్నారు. ఆ సినిమా ఆయనకి పూర్తిగా అర్థమైంది. బ్రహ్మపుత్ర ఒడ్డు రైతు బాధ గోదావరి ఒడ్డు రైతుకి చేరింది. ఎవరు చేర్చారు? జాతీయ పురస్కారమే చేర్చింది. పురస్కారం ఉంది కాబట్టి దూరదర్శన్ వేసింది, వేసింది కాబట్టి మేం చూశాం.

ఇప్పుడా ఆదివారాలు లేవు. ఫోన్లో వంద యాప్‌లున్నాయి, ‘నిమజ్జనం’ కోసం వెతకండి చూద్దాం. కొత్త సినిమాలకి ఈ బాధ లేదు. ‘కలర్ ఫొటో’ నేరుగా ఓటీటీలో వచ్చింది, ఉత్తమ తెలుగు చిత్రమైంది, ఇప్పుడు కావాలన్నా చూడొచ్చు. బాధంతా 1970లు, 80ల సినిమాల గురించే. నిర్మాత పోయారు, పిల్లలకి ఆసక్తి లేదు, నెగెటివ్ ఎక్కడో ల్యాబ్‌లో ఉండిపోయింది, ఆ ల్యాబ్ మూతపడింది. ఇది ఒక సినిమా కథ కాదు, ఒక తరం సినిమాల కథ. పుణేలో 1964 నుంచి జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. ఫిల్మ్ సొసైటీలకి సినిమాలు ఇచ్చే ఏర్పాటు కూడా అక్కడ ఎప్పటినుంచో ఉంది. అడిగేవాళ్లు కావాలి. తెలుగు సినిమా అంటే వందల కోట్ల లెక్కలు చెప్పుకునే రోజులివి. అందులో పిసరంత ఈ పాత రీళ్లని శుభ్రం చేయించడానికి పెట్టలేమా? రాష్ట్రంలో నంది పురస్కారాలు ఆగిపోయి ఏళ్లయింది, తెలంగాణలో 2025లో గద్దర్ పేరుతో మొదలుపెట్టారు, మంచి పని. రెండు ప్రభుత్వాలకీ ఒకటే విన్నపం. పురస్కారం ఇవ్వండి, దాంతో పాటు ఆ సినిమా కాపీ ఒకటి భద్రపరచండి, జిల్లాకొక చోట ఏడాదికొకసారైనా ఆడించండి.

ప్రభుత్వాలు చేసేదాకా మనం ఊరుకోవద్దు. నేను సొసైటీ కార్యవర్గంతో మాట్లాడాను. నెలకొక సినిమా. జాతీయ పురస్కారం పొందిన తెలుగు సినిమా ఒక నెల, ఇంకో భాషది ఒక నెల. హక్కులున్నవాళ్లని అడిగి, అనుమతి తీసుకునే వేస్తాం. దొంగ కాపీలు వద్దు. ‘దాసి’తో మొదలుపెడదామని అనుకుంటున్నాం, నర్సింగరావు గారికి ఉత్తరం రాస్తాం. ‘నిమజ్జనం’, ‘ఊరుమ్మడి బతుకులు’, ‘హరిశ్చంద్రుడు’ కాపీల కోసం పుణేకి రాస్తాం. మీలో ఎవరికైనా ఆ నిర్మాతల కుటుంబాలు తెలిస్తే, ఎవరింట్లోనైనా పాత పాటల పుస్తకాలు, స్టిల్స్, కరపత్రాలు ఉంటే పారెయ్యకండి. తెచ్చివ్వండి, స్కాన్ చేసుకుని భద్రంగా తిరిగిచ్చేస్తాం. ఇంట్లో కాలేజీ పిల్లలుంటే ఆ రోజు వెంటబెట్టుకుని రండి. పాటలు లేవని ముందే చెప్పి తీసుకురండి.

ఇందాక ‘బాహుబలి’ గురించి అన్నప్పుడు అటువైపు ఇద్దరు ముగ్గురు ఒప్పుకోలేదు. మైకు వాళ్లకి ఇవ్వండి బాబూ. చెప్పండి, వింటాను.